కంటికి కనిపించని నిర్వాహకుడు

కంప్యూటరు అనగానే మన కళ్ళముందు మెదిలేవి తెర, కీబోర్డు, మౌసు. కొంత తెలిసినవారు ప్రాసెసరు పేరును, మెమరీ పరిమాణాన్ని కూడా చెప్పగలరు. అయితే ఈ భాగాలన్నింటినీ ఒకచోట చేర్చి విద్యుత్తు అందించినంత మాత్రాన ఆ యంత్రం మనకు పనికిరాదు. పెళ్ళి జరుగుతున్న ఇంటిని ఒకసారి ఊహించుకోండి. వంటవారు, పందిరి వేసేవారు, మేళగాళ్ళు, పురోహితులు అందరూ తమ తమ పనులలో సమర్థులే. కాని ఏ పని ముందు, ఏది వెనుక, ఎవరికి ఏ గది, ఏ సామాను ఎవరి చేతికి అని నిర్ణయించే పెద్ద ఒకరు లేకపోతే ముహూర్తం వేళకు మంగళసూత్రం ఎక్కడున్నదో ఎవరికీ తెలియదు. కంప్యూటరులో ఆ పెద్దరికం వహించే ప్రోగ్రామునే ఆపరేటింగ్ సిస్టం అంటారు. పనులు సక్రమంగా సాగినంతకాలం ఆ పెద్ద ఉన్న సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు.

ఏ ప్రోగ్రాముకు మెమరీలో ఎంత చోటు ఇవ్వాలి, ప్రాసెసరు సమయాన్ని ఎవరికి ఎంతసేపు కేటాయించాలి, డిస్కుపై ఏ సమాచారం ఎక్కడ ఉన్నది, దానిని చూడటానికి ఎవరికి అధికారం ఉన్నది అనే విషయాలన్నీ ఇది నిర్ణయిస్తుంది. పెద్ద కంప్యూటర్లలో ఇటువంటి ఏర్పాటు 1960ల నాటికే ఉన్నది. సామాన్యుడి బల్లమీదికి వచ్చిన చిన్న కంప్యూటరుకు మాత్రం అది అంత సులభంగా అబ్బలేదు.

1975 జనవరిలో అమెరికాలోని ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ అనే పత్రిక ఆల్టెయిర్ 8800 అనే చిన్న యంత్రాన్ని ముఖచిత్రంగా ప్రచురించింది. విడిభాగాలుగా కొనుక్కొని ఇంటిలోనే బిగించుకోదగిన కంప్యూటరు అది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందుభాగంలో వరుసగా అమర్చిన మీటలను పైకీ కిందికీ కదుపుతూ ఒక్కొక్క ఆదేశాన్నీ ఒకట్లు, సున్నల రూపంలో ఎక్కించవలసి ఉండేది. ఫలితాన్ని చిన్న దీపాల వెలుగులో చదువుకోవాలి. మూల యంత్రంలోని మెమరీ 256 బైట్లు మాత్రమే. నేడు విస్తారంగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వ్రాతలోని ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఆ లెక్కన ఈ పేరాలోని మొదటి వాక్యం కూడా ఆ యంత్రంలో పట్టదు.

ఇటువంటి చిన్న యంత్రాలకు ఒక క్రమబద్ధమైన నిర్వాహకుడిని సమకూర్చినవాడు గారీ కిల్డాల్. ఆయన కాలిఫోర్నియాలోని మాంటెరీ పట్టణంలో ఉన్న నౌకాదళ ఉన్నత విద్యాసంస్థలో అధ్యాపకుడు. ఫ్లాపీ డిస్కుపై సమాచారాన్ని ఫైళ్ళుగా భద్రపరచి, పేరు చెప్పగానే తిరిగి అందించే సి.పి./ఎం. అనే వ్యవస్థను 1974లో రూపొందించాడు. ఆ రోజులలో ఒక్కొక్క తయారీదారు యంత్రం ఒక్కొక్క తీరుగా ఉండేది. ప్రతి యంత్రానికీ వ్యవస్థను మొదటినుంచి తిరిగి వ్రాయడం తలకు మించిన పని. అందుచేత కిల్డాల్ తన ప్రోగ్రామును రెండుగా విభజించాడు. యంత్రాన్ని బట్టి మారే కొద్దిభాగాన్ని వేరుచేసి దానికి ‘బయాస్’ అని పేరు పెట్టాడు. మిగిలిన భాగమంతా ఏ యంత్రం మీదనైనా ఒక్కటే. తయారీదారు తన యంత్రానికి తగిన బయాస్‌ను వ్రాసుకుంటే చాలు, సి.పి./ఎం. దానిపై నడుస్తుంది. సి.పి./ఎం. కోసం వ్రాసిన ప్రోగ్రాములన్నీ దానితోపాటే నడుస్తాయి. చిన్నదిగా కనిపించే ఈ విభజన సాఫ్ట్‌వేరు వ్యాపారానికి పునాది వేసింది. ఒకసారి వ్రాసిన ప్రోగ్రామును అనేక సంస్థల యంత్రాల మీద అమ్ముకొనే వీలు దానివల్లనే కలిగింది.

మనం వాడే విండోస్ కంప్యూటర్లలో ప్రధానమైన డిస్కును ‘సి’ అని ఎందుకు పిలుస్తారో చాలామందికి తెలియదు. డిస్కులను ‘ఎ’, ‘బి’ అని అక్షరాలతో గుర్తించే పద్ధతిని చిన్న కంప్యూటర్లలో వ్యాప్తిలోకి తెచ్చినది సి.పి./ఎం. వ్యవస్థయే. తరువాతి కాలంలో ‘ఎ’, ‘బి’ అక్షరాలు రెండు ఫ్లాపీ డిస్కులకు స్థిరపడిపోయాయి. ఆపైన వచ్చిన హార్డ్ డిస్కుకు మూడవ అక్షరం దక్కింది. ఫ్లాపీలు అంతరించినా ఆ రెండు అక్షరాల చోటు నేటికీ ఖాళీగానే ఉన్నది. పాతబడిన ఇంట్లో ఎవరూ వాడని గదికి కూడా తాతగారి గది అనే పేరు నిలిచిపోయినట్లు, కంప్యూటరులో కూడా పాతకాలపు నిర్ణయాలు పేర్ల రూపంలో మిగిలిపోతాయి.

1980లో ఐ.బి.ఎం. సంస్థ చిన్న కంప్యూటరును తయారుచేయ సంకల్పించింది. దానికి ఆపరేటింగ్ సిస్టం కోసం ఆ సంస్థ ప్రతినిధులు మొదట మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్‌ను సంప్రదించగా, ఆయన వారిని కిల్డాల్ వద్దకు పంపాడు. ఐ.బి.ఎం. వారు వచ్చిన వేళకు కిల్డాల్ తన సొంత విమానంలో విహరిస్తున్నాడని, ఆ నిర్లక్ష్యమే ఆయన కొంప ముంచిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆయన విమానంలో వెళ్ళిన మాట నిజమే. కాని వెళ్ళినది వ్యాపారం పని మీదనే అని ఆయనే చెప్పుకొన్నాడు. రహస్య ఒప్పంద పత్రంపై సంతకం చేయడానికి ఆయన భార్య, సంస్థ న్యాయవాది సందేహించడంతో మాటలు ముందుకు సాగలేదు. గేట్స్ ఈ అవకాశాన్ని వదులుకోలేదు. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థలో టిమ్ పాటర్సన్ అనే ఇంజనీరు సి.పి./ఎం. తీరునే అనుసరించి ఒక వ్యవస్థను వ్రాశాడు. మైక్రోసాఫ్ట్ మొదట దానిని వాడుకొనే అనుమతిని కొని, 1981 జూలైలో మరి 50,000 డాలర్లు చెల్లించి సర్వహక్కులను పొందింది. అదే ఎం.ఎస్.-డాస్. 1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు లోకానికి పరిచయమయింది.

తన వ్యవస్థను అనుకరించారని కిల్డాల్ అభ్యంతరం తెలుపగా, ఐ.బి.ఎం. ఆయన సి.పి./ఎం.-86ను కూడా తన కంప్యూటరుతోపాటు అమ్మడానికి అంగీకరించింది. కాని డాస్ ధర 40 డాలర్లు కాగా సి.పి./ఎం.-86 ధర 240 డాలర్లు. కొనుగోలుదారులు దేనిని ఎంచుకొన్నారో వేరుగా చెప్పనక్కరలేదు. కనుక కిల్డాల్ పరాజయాన్ని విమానప్రయాణం ఖాతాలో వ్రాయడం న్యాయం కాదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. డాస్‌ను ఇతర సంస్థలకు కూడా అమ్ముకొనే హక్కును మైక్రోసాఫ్ట్ తనవద్దనే ఉంచుకొన్నది. కాంపాక్ మొదలైన సంస్థలు ఐ.బి.ఎం. నమూనాను పోలిన యంత్రాలను తయారుచేయసాగినప్పుడు ప్రతి యంత్రంతోనూ డాస్ అమ్ముడుపోయింది. యంత్రం ఎవరిదైనా నిర్వాహకుడు ఒక్కడే అయ్యాడు. కంప్యూటరు పరిశ్రమలో అధికారం యంత్రం చేసేవారి చేతినుంచి దానిని నడిపే ప్రోగ్రాము వ్రాసేవారి చేతికి మారిన ఘట్టం ఇదే. కిల్డాల్ 1994లో 52వ ఏట మరణించాడు.

డాస్ ఒక మనిషి కోసం, ఒక్కసారికి ఒక్క పని కోసం ఏర్పడిన వ్యవస్థ. ప్రోగ్రాముకు పగ్గాలు అప్పగించిన తరువాత ఇక దానిమీద అదుపు ఉండేది కాదు. అది మెమరీలో ఎక్కడైనా వ్రాయవచ్చు, డాస్ ఉన్న చోటును సైతం చెరిపివేయవచ్చు. వైరస్‌లు అంత సులభంగా విజృంభించడానికి ఇది ఒక ప్రధాన కారణం. ఒంటరిగా ఉన్న యంత్రంలో ఈ లోపాన్ని సహించవచ్చు. కాని కార్యాలయాలలో పది కంప్యూటర్లు చేరగానే వాటిని కలపవలసిన అవసరం ఏర్పడింది. హార్డ్ డిస్కులు, ప్రింటర్లు ఎంతో ఖరీదైన రోజులవి. ఒక డిస్కును, ఒక ప్రింటరును అందరూ పంచుకొనగలిగితే ఎంతో ఆదా. ఆ పంపకాన్ని ఎవరు నిర్వహించాలి?

మొదట కొందరు తోచిన పరిష్కారం, ఒక పెద్ద డిస్కును గదులుగా విభజించి ఒక్కొక్కరికి ఒక గదిని ఇవ్వడం. దీనివల్ల డిస్కు ఖర్చు తగ్గింది కాని సమాచారం పంచుకోవడం కుదరలేదు. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నావెల్ సంస్థ ఇంకొక మార్గాన్ని చూపింది. డిస్కునుగాక ఫైలును పంచుకోవాలన్నది దాని ఆలోచన. ఒక దుకాణంలో ఒకే పద్దు పుస్తకం ఉన్నదనుకోండి. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి ఒకే పద్దును చూచి, నిలువ వంద బస్తాలని గ్రహించి, ఒకరు ముప్పై, ఇంకొకరు నలభై అమ్మి, ఒకరు డెబ్బై అనీ మరొకరు అరవై అనీ వ్రాస్తే చివర వ్రాసినవారి అంకె మాత్రమే మిగులుతుంది. గిడ్డంగిలో నిజంగా ఉన్నవి ముప్పై బస్తాలే. అందుచేత ఒకరు వ్రాస్తున్నంతసేపు ఆ పద్దుకు తాళం వేసి, రెండవవారిని నిలబెట్టే అధికారి ఒకడు కావాలి. 1983లో వెలువడిన నావెల్ వారి నెట్‌వేర్ సరిగ్గా ఈ అధికారి పాత్రను పోషించింది. ఎవరు ఏ ఫైలును చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు, ప్రింటరు వద్ద ఎవరి కాగితాలు ముందు అన్న నిర్ణయాలు దానివే. సర్వరుగా నియమించిన కంప్యూటరులో డాస్‌కు బదులు ఈ ప్రత్యేక వ్యవస్థ పనిచేసేది. ఉద్యోగుల బల్లలమీది యంత్రాలు మాత్రం యథాప్రకారం డాస్‌తోనే నడిచేవి. నెట్‌వర్క్ ఆపరేటింగ్ సిస్టం అనే మాటకు 1980లలో, 1990ల తొలి సంవత్సరాలలో చాలామంది మనసులో మెదిలిన అర్థం నెట్‌వేరే.

ఇక్కడ యూనిక్స్‌ను గురించి కొంత చెప్పుకోవాలి. నిజానికి అది వీటన్నింటికన్నా పెద్దది. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయాలలో కెన్ థాంప్సన్ దానిని ప్రారంభించగా డెన్నిస్ రిచీ తోడయ్యాడు. 1973లో దానిని రిచీ రూపొందించిన సి భాషలో తిరిగి వ్రాశారు. అంతవరకు ఆపరేటింగ్ సిస్టంలను సాధారణంగా ఆయా యంత్రాల సొంత భాషలోనే వ్రాసేవారు. సి భాషలో ఉన్నందున యూనిక్స్ ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి వలసపోగలిగింది. బెల్ పరిశోధనాలయాల మాతృసంస్థ అయిన ఏ.టి. అండ్ టి. 1956 నాటి న్యాయస్థానపు ఒప్పందం కారణంగా కంప్యూటరు వ్యాపారంలోకి దిగడానికి వీలులేకపోయింది. అందుచేత ఆ సంస్థ యూనిక్స్‌ను విశ్వవిద్యాలయాలకు స్వల్ప రుసుముకే అందించింది. ఒక తరం విద్యార్థులు దాని మూలరచనను చదివి, సవరించి, నేర్చుకొన్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలోనివారు 1983లో విడుదల చేసిన యూనిక్స్‌లో ఇంటర్నెట్‌కు మూలమైన టి.సి.పి./ఐ.పి. నియమావళిని పొందుపరచారు. మొదటినుంచీ అనేకులు ఒకేసారి వాడుకొనేందుకు ఉద్దేశించినది గనుక యూనిక్స్‌లో ఒకరి పని మరొకరి పనికి అడ్డుతగలకుండా గోడలు ఉండేవి. డాస్‌కు లేనివి సరిగ్గా ఆ గోడలే.

గోడలు కట్టడానికి యంత్రం కూడా సహకరించాలి. 1985లో వచ్చిన ఇంటెల్ 80386 ప్రాసెసరు అందుకు తగిన సౌకర్యాలను చిన్న కంప్యూటరుకు తెచ్చింది. ప్రోగ్రాములు రెండు స్థాయిలలో నడుస్తాయి. లోపలి స్థాయిలో ఆపరేటింగ్ సిస్టం యొక్క గర్భభాగం, అనగా కెర్నెల్ ఉంటుంది. దానికి సర్వాధికారాలు ఉంటాయి. వెలుపలి స్థాయిలోని ప్రోగ్రాము హద్దు మీరితే ప్రాసెసరు దానిని అక్కడే ఆపివేస్తుంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థలో వి.ఎం.ఎస్. అనే ప్రసిద్ధ వ్యవస్థను రూపొందించినవారిలో ముఖ్యుడైన డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఈ పద్ధతిపై విండోస్ ఎన్.టి.ని నిర్మించాడు. అది 1993 జూలైలో వెలువడింది. ఇళ్ళలో ప్రఖ్యాతి పొందిన విండోస్ 95 చూడ్డానికి ముచ్చటైనదే గాని దాని పునాదులలో ఇంకా డాస్ ఉన్నది. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గృహ వినియోగదారులు సైతం ఎన్.టి. వంశంలోకి చేరారు.

నెట్‌వేర్‌కు ఈ కాలమే గడ్డుకాలమయింది. ఫైళ్ళు పంచడంలో దానికి సాటిలేదు. కాని దానిపై అదనంగా నడిపే ప్రోగ్రాములు సాధారణంగా కెర్నెల్ స్థాయిలోనే నడిచేవి. వాటిలో ఒకటి తప్పుచేస్తే సర్వరు మొత్తం నిలిచిపోయేది. అంతేగాక ప్రపంచమంతా ఇంటర్నెట్ భాషకు మారుతుండగా నావెల్ తన సొంత సంభాషణా నియమాలనే చాలాకాలం ప్రధానంగా పట్టుకొని ఉన్నది. 1998లో ఐదవ నెట్‌వేర్‌తో ఆ లోటు పూరించేసరికి వాడుకరులు ఎన్.టి. వైపు తరలిపోసాగారు. ఆ సంస్థయే 2004 నాటికి సూసే అనే లినక్స్ సంస్థను కొనుక్కొన్నది.

లినక్స్ కథ మరీ విచిత్రమైనది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్, సాఫ్ట్‌వేరు మూలరచనను చదివే, మార్చే, పంచే స్వేచ్ఛ వాడుకరికి ఉండాలని ప్రకటించి, యూనిక్స్‌ను పోలిన గ్నూ వ్యవస్థను నిర్మించ తలపెట్టాడు. ఉపకరణాలు చాలావరకు సిద్ధమయ్యాయి గాని కెర్నెల్ కుదరలేదు. 1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి, తన 386 కంప్యూటరు కోసం సరదాగా ఒక కెర్నెల్ వ్రాస్తున్నానని నలుగురికీ తెలియజేశాడు. 1992లో దానిని స్టాల్‌మన్ రూపొందించిన అనుమతి పత్రం కిందికి తెచ్చాడు. దానిని ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు. మార్చినదానిని ఇతరులకు పంచితే ఆ మార్పులను కూడా బయటపెట్టవలసిందే. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది అందులో చేయి వేశారు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్‌తోనే నడుస్తున్నాయి. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ ఆ కెర్నెలే. ఒకప్పుడు లినక్స్‌ను తీవ్రంగా నిరసించిన మైక్రోసాఫ్ట్, హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ 2014లో సారథ్యం చేపట్టిన తరువాత, దానిని తన విండోస్ లోపలనే నడిపించే ఏర్పాటు చేసింది.

ఈ చరిత్ర అంతా నిపుణులకు సంబంధించినదని అనుకోవడం పొరపాటు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళాలు వేసి సొమ్ము కోరింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల సేవలు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది ప్రవేశించిన ద్వారం ఏదనుకొన్నారు? విండోస్‌లో ఫైళ్ళను నెట్‌వర్కుపై పంచుకొనే పాత సౌకర్యంలోని ఒక లోపం. దానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే సవరణను విడుదల చేసింది, వేసుకోనివారు నష్టపోయారు. 2024 జూలై 19న జరిగినది దీనికి తలకిందులు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన సవరణలోనే తప్పు దొర్లింది. ఆ సంస్థ ప్రోగ్రాము కెర్నెల్ స్థాయిలో నడుస్తున్నందున 85 లక్షల విండోస్ యంత్రాలు ఒక్కపెట్టున కుప్పకూలాయి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చారు. సవరణ వేసుకోకపోతే ఒక ప్రమాదం, వేసుకొంటే ఒక్కొక్కప్పుడు మరొక ప్రమాదం. గర్భగుడిలోకి ఎవరిని రానివ్వాలన్న ప్రశ్న నేటికీ తేలలేదు.

మన భాషకు సంబంధించిన ముచ్చట ఒకటి మిగిలి ఉన్నది. చాలాకాలం తెలుగు అక్షరాలను చూపడం ఆపరేటింగ్ సిస్టం తన పనిగా భావించలేదు. డి.టి.పి. కేంద్రాలలో ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేత పద్ధతి ఉండేది. ఒక ఫాంటులో కూర్చిన వ్యాసాన్ని అది లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించేవి. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగు లిపికి ప్రత్యేక స్థానం కల్పించింది. అయినా సంకేతాలు ఉంటే చాలదు. ఒత్తును కింద చేర్చి, గుణింతపు గుర్తును తలకట్టు స్థానంలో అతికించే పనిని వ్యవస్థయే చేయాలి. విండోస్‌లో ఈ ఏర్పాటు గౌతమి అనే ఫాంటుతో సహా 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే కృషి చేశారు. మూలరచన అందుబాటులో ఉన్నందువల్ల అందుకు వారు ఎవరి అనుమతికోసమూ వేచి ఉండవలసిన అవసరం కలగలేదు.

అక్షరాలను అతికించే ఈ పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసివచ్చింది. కంటికి కనబడని ఒక సంకేతం మధ్యలో చేరిన ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం సందేశంగా రాగానే ఐఫోన్లలోని అనువర్తనాలు మూతపడసాగాయి. కొన్ని ఫోన్లు పదేపదే ఆగి మొదలవుతూ ఉండిపోయాయి. జ, ఞ, దీర్ఘాల కలయికను ఎలా చిత్రించాలో ఆపిల్ వారి వ్యవస్థకు పాలుపోలేదు. దీనిని సరిచేసే సవరణను ఆ సంస్థ ఫిబ్రవరి 19న, అంటే అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవానికి రెండు రోజుల ముందు విడుదల చేసింది.